పైవరుసలో నాలుగు కుండీలు

స్నేహలతకు కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీలో అందరూ అనేవారు. ఆ మాట సగమే నిజం. ముక్కు మీది కోపమైతే వచ్చినంత తొందరగా పోతుంది. ఆమెది కడుపులో కోపం. మూడేళ్లుగా అక్కడే రగులుతోంది.

మర్రిగూడ పక్క మండలంలో ఉన్న చిన్న ప్రభుత్వ డిగ్రీ కాలేజీ అది. అందులో ఆమె వృక్షశాస్త్రం చెప్పే గెస్ట్ లెక్చరర్. ఇంటికి చుట్టం వస్తే ఎంత లేనివాళ్లయినా కాళ్లకు నీళ్లిచ్చి కూర్చోబెడతారు. ఈ చుట్టానికి స్టాఫ్ రూములో కుర్చీ కూడా లేదు. చెప్పిన పీరియడ్లకే జీతం, సెలవులకు సున్నా. అది చాలక వారంలో మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు నకిరేకల్‌లో మరో కాలేజీలో పాఠాలు చెప్పేది. సగం బతుకు బస్సుల్లోనే గడిచేది. జూన్‌లో మళ్లీ పనిలోకి తీసుకోవాలంటే డిపార్ట్‌మెంటు పెద్ద అశోక్‌కుమార్ సంతకం కావాలి.

ఆ అశోక్‌కుమార్ గారి సంగతి కొంచెం చెప్పుకోవాలి. పర్మనెంటు మనిషి. హైదరాబాదు నుంచి కారులో పదకొండుకు వచ్చి రెండుకు వెళ్లేవాడు. డిగ్రీ పిల్లల చేత పరిశోధన చేయించే అధ్యాపకులకు అండగా ఉండాలని ఆ ఏడు జనవరిలో నల్గొండలో ఒక రోజు శిక్షణ పెట్టారు. 'మార్గదర్శకులకు చేయూత' అని దానికి పేరు. పర్మనెంటు వాళ్లకే పిలుపు. ఆయన వెళ్లి, భోజనం చేసి, జనపనార సంచి, పెన్ను, ఒక పుస్తకం తెచ్చుకున్నాడు. ఆ రోజు ఆయన క్లాసులు కూడా స్నేహలతే చెప్పింది. మర్నాడు ఆ పుస్తకం ఆమె ముందు పడేసి, జర చదువుకో, పనికొస్తుంది అన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. అయినా చదివింది. మార్గదర్శకుడు పిల్లలకు తన సమయం ఇవ్వాలని అందులో నలభై పేజీల నిండా రాసి ఉంది. తూకం యంత్రం ఎక్కడ దొరుకుతుందో, ఆదివారం మొక్కలను ఎవరు చూడాలో, బస్సులో వేలాడే మనిషి పిల్లల నోటుబుక్కులు ఎప్పుడు దిద్దాలో ఎక్కడా లేదు.

ఆమె కింద పనిచేసే పిల్లలు ఇద్దరు, మమత, నరేశ్. ఇద్దరూ రెండో సంవత్సరం. పని మొదలైంది మమత అడిగిన ఒక ప్రశ్నతో. మమతది మర్రిగూడ దగ్గర పల్లె. ఇంట్లో ఇప్పుడు నల్లా తిప్పితే కృష్ణా నీళ్లు వస్తాయి. చేనుకు మాత్రం ఇంకా ఆ పాత బోరే దిక్కు. ఊళ్లో ఫ్లోరైడు ఉంది, తాగొద్దని ఎర్రరంగు పూసిన చేతిపంపుకు పది అడుగుల దూరంలో వాళ్ల నాయిన జానయ్య బోరు ఉంది. మనుషులకు పనికిరాని నీళ్లను ఏ పంట తట్టుకుంటుంది మేడం అని ఆ పిల్ల అడిగింది. మూడేళ్లలో పరీక్షకు వస్తుందా అని కాకుండా ఒకరు అడిగిన మొదటి ప్రశ్న అది. స్నేహలతకు ఆ రోజు అన్నం సహించింది.

కాలేజీ వెనక గోడవార మొదలుపెట్టారు. ఫంక్షన్ హాలు నుంచి తెచ్చిన పెరుగు బకెట్లకు మేకు కాల్చి చిల్లులు పెడితే అవే కుండీలు. విరిగిన బెంచీలు రెండు వరుసలుగా ఒకదాని మీద ఒకటి పేర్చితే అదే మెట్టు. ఎండ తగలకుండా పైన స్నేహలత వాళ్లమ్మ పాత చీరలు కట్టారు. నలభై కుండీల్లో అలసంద వేశారు. ఇరవైకి జానయ్య వారం వారం బండి మీద క్యాన్లలో తెచ్చే బోరు నీళ్లు, ఇరవైకి కాలేజీ నల్లా నీళ్లు. ఏది ఏదో తెలియడానికి గుర్తులు కావాలి. స్నేహలతది చండూరు దగ్గర మగ్గాల ఊరు, నాయిన గండయ్య ఇంకా నేస్తాడు. ఇంట్లో రంగు నూలు తుక్కుకు కొదవ లేదు. బోరు నీళ్ల కుండీకి ఎర్రదారం, నల్లా నీళ్ల కుండీకి తెల్లదారం కట్టారు. ఎర్ర పంపు నీళ్లకు ఎర్రదారం, మరిచిపోయే పనే ఉండదని మమతే అంది. కింది వరుసల్లో పదహారు ఎర్రవి, పదహారు తెల్లవి. పైవరుసలో నాలుగు, నాలుగు.

రెండు నెలలు గడిచేసరికి ఫలితం వచ్చింది. కింది ఎర్రదారం కుండీల్లో మొక్కలు తెల్లదారం వాటికి దాదాపు సమానంగా పెరిగి కాయలు కాశాయి. పైవరుసలో ఎర్రవి నాలుగు మాత్రం ఆకుల కొసలు మాడి, పూత రాలి, ఎండిపోయాయి. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. అశోక్‌కుమార్ కుండీలు చూడలేదు గానీ కాగితం చూశాడు. ఈ నాలుగూ లెక్క చెడగొడుతున్నాయి, తీసేయండి అన్నాడు. అప్పుడే జూన్ కాగితాలు ఆయన బల్ల మీద ఉన్నాయి.

“ఎందుకట్ల అయినయో తెల్వకుండనే తీసేస్తమా మేడం?” అని మమత అడిగింది.

“సార్ చెప్పిండు కదా,” అంది స్నేహలత.

ఆ మూడు మాటలు నోట్లోంచి వచ్చాక ఆమెకు తన నాలుక మీదే అసహ్యం వేసింది. వాళ్ల నాయిన గండయ్యకు ఒక పద్ధతి ఉంది. నూలుకు ముడులు కట్టి రంగులో ముంచేటప్పుడు ఒక ముడి తప్పిందనుకో, మగ్గం మీదికి వచ్చాక ఆ దారం కోసి పారేయడు. తప్పుతోనే నేస్తాడు. కనబడనీ, ఎక్కడ తప్పిందో యాదికుంటది అంటాడు. ఆ ఇంట్లో పుట్టి, ఆ చేతి కూడు తిని, కోసేయమని పిల్లకు చెప్పింది. మమత నాలుగు కుండీల అంకెలున్న పేజీని చింపకుండా మడత పెట్టింది.

ఇక చూడాలి సందడి. సొమ్మొకడిది, సోకొకడిది. 'ఫ్లోరైడు నీళ్లను తట్టుకునే అలసంద' అని జిల్లా పేజీలో అశోక్‌కుమార్ ఫొటోతో వార్త వచ్చింది. పిల్లల పేర్లు చివరి వాక్యంలో ఉన్నాయి, స్నేహలత పేరు ఆ వాక్యంలో కూడా లేదు. మార్చిలో నల్గొండలో జిల్లా పోటీ, అక్కడి నుంచి రాష్ట్రానికి. ప్రిన్సిపాల్ పెద్ద ఫ్లెక్సీ కొట్టించాడు. జానయ్య ఆ పేపరు ముక్క జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాడు. ఉగాది లోపల బోరు కింద రెండెకరాల్లో అలసంద పెడతానని నకిరేకల్ నుంచి విత్తనాలు తెచ్చుకున్నాడు. చుట్టుపక్కల చేన్ల వాళ్లు కూడా ఆయన పెడితే మేమూ పెడతామని ఎదురుచూస్తున్నారు. ఇది విన్నప్పుడు స్నేహలతకు సంతోషం కలగాలి. కలగలేదు. మడత పెట్టిన ఆ పేజీయే కళ్లలో ఆడింది.

పోటీకి ముందు రోజు బుధవారం. నల్గొండకు తీసుకెళ్లాల్సిన కుండీలు ఏరడానికి స్నేహలత పొద్దున్నే ఏడింటికి కాలేజీకి వచ్చింది. మమత కూడా వచ్చింది. వెనక వైపు అండాలు ఊడుస్తోంది. అండాలు కాలేజీ స్వీపరు. యాభై రెండేళ్లుంటాయి, చూస్తే డెబ్బై అంటారు. మర్రిగూడ నీళ్లు తాగి పెరిగిన ఒళ్లు. నడుము వంగిపోయింది, మెడ తిరగదు, మోకాళ్లు ముడవవు, చేతులు భుజం దాటి లేవవు. రోజూ ఆరింటికే వచ్చి, అందరూ వచ్చేసరికి ఊడవడం ముగించేది. పిల్లలు ఆమెను అవ్వా అనేవారు.

“తీస్కపోతాన్రా బిడ్డా? మంచిగున్నయి గద,” అంది అండాలు చీపురు గోడకు ఆనించి. “ఎర్రదారం కట్టినయి సుత ఎట్ల లేసినయో చూడు. రోజు పొద్దుగాల నల్లా నీళ్లు పోస్తి గద.”

చావు కబురు చల్లగా చెప్పింది. స్నేహలతకు ఒక్క క్షణం ఆ మాట చెవికెక్కలేదు. ఏ నీళ్లని అడిగింది. కృష్ణా నీళ్లేనని, ఒక్కోదానికి చెంబెడని, ఆదివారాలు కూడా వచ్చి పోశానని అండాలు మురిపెంగా చెప్పింది.

అరికాలి మంట నెత్తికెక్కింది స్నేహలతకు. రెండు నెలల కష్టాన్ని బూడిదలో పోశావంది. ఎవరు పొయ్యమన్నారంది. ఊడవడానికి వచ్చినదానివి ఊడ్చి పోక మా కుండీలతో నీకేం పని అంది. చదువు లేకపోతే బుద్ధి కూడా ఉండదా అంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే. తిట్టాల్సిన వాళ్లు అప్పటికి హైదరాబాదులో నిద్రలో ఉన్నారు. ఇక్కడ దొరికింది నడుము వంగిన అండాలు.

అండాలు తల దించుకోలేదు. ఆ మెడ దిగదు కూడా.

“ఎర్రదంటే తాగొద్దని మా దిక్కు పోరగాండ్లకు సుత ఎరుకే బిడ్డా,” అంది. “తెలిసి తెలిసి పచ్చటిదానికి గా నీళ్లెట్ల పోస్తరు? మీరు పోసి మీ తొవ్వల మీరు పోతున్రు. నేను పొద్దంత వాటి మొకం చూడాలె. నాకు పాణం ఒప్పలే.”

స్నేహలత చూపు ఎర్రదారాల మీదికి వెళ్లింది. ఆ దారం రంగు ఎంచుకున్నది తామే. ఆ ప్రాంతంలో ఎర్ర రంగుకు ఇంకో అర్థం లేదని తెలిసి, మరిచిపోకుండా ఉంటుందని మరీ ఎంచుకున్నారు. మరిచిపోని మనిషి ఒకతె రోజూ ఆరింటికి అక్కడికి వస్తుందని ఎవరికీ తట్టలేదు.

మమత మాత్రం అండాలు దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగింది.

“అవ్వా, పైవరుసల కుండీలకు సుత పోసినవా?”

“యాడ బిడ్డా! చెయ్యి లేవదు. దూరంకెళ్లి చూస్తే ఎర్రదారం కనిపించేది గని పొయ్యనీకి అందలే. గా నాలుగు సచ్చినయి, పాపం.”

మమత నోటుబుక్కు తీసి మడత విప్పింది. ఇద్దరూ ఆ పేజీ వైపే చూశారు. అండాలు చెయ్యి అందని నాలుగు కుండీలే అసలు సిసలైన బోరు నీళ్లు తాగాయి. మెట్టు ఎత్తులో ఉండటం వల్ల ఎండిపోయాయా అంటే, పక్కనే తెల్లదారం కట్టిన నాలుగూ నిగనిగలాడుతున్నాయి. ఆదివారాలు పైవరుస మొత్తానికి నీళ్లు లేవు, అయినా తెల్లవి బతికాయి, ఎర్రవి చచ్చాయి. ఉన్న నలభైలో నిజం చెప్పినవి ఆ నాలుగే. వాటినే ఏరి తీసేశారు.

అంతకన్నా సిగ్గుచేటు సంగతి వెనక పేజీల్లో ఉంది. 'కింది ఎర్రదారం కుండీల మట్టి పొద్దున్నే తడిగా ఉంది, అందుకని సగం నీళ్లే పోశాం' అని నరేశ్ రాశాడు. ఒకసారి కాదు, పదకొండు సార్లు. ప్రతి పేజీ కింద స్నేహలత సంతకం ఉంది. నకిరేకల్ బస్సులో, ఒళ్లో సంచి మీద పెట్టి, చదవకుండా పెట్టిన సంతకాలు.

మమత అక్కడి నుంచే నాయినకు ఫోన్ చేసి విత్తనాలు పెట్టొద్దని చెప్పింది. జానయ్య నమ్మలేదు. పేపర్లో తప్పు రాస్తారా అన్నాడు. రేపు నల్గొండలో పెద్ద సార్ల ముందు ఏది తేలితే అదే నిజం, నేనూ వస్తున్నా అన్నాడు. కన్నబిడ్డ మాటకన్నా అశోక్‌కుమార్ ఫొటోకు ఎక్కువ బరువు ఉంది ఆ ఊళ్లో. మమత ఫోన్ పెట్టేసి కళ్లు తుడుచుకుంది, ఏడుపు కన్నా ఉక్రోషం ఎక్కువగా ఉంది ఆ ముఖంలో.

మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గదిలో స్నేహలత జరిగినదంతా చెప్పింది. ప్రిన్సిపాల్ ముందు కిటికీలోంచి ఫ్లెక్సీ వైపు చూశాడు, తర్వాత అశోక్‌కుమార్ వైపు చూశాడు. అశోక్‌కుమార్‌కు చీమ కుట్టినట్టు కూడా లేదు. బోరు నీళ్లు పోశామని రాశాం, పోశాం, అబద్ధమెక్కడుంది, ఒక స్వీపరు చెంబెడు నీళ్లు పోసిందని కూడా రాస్తారా అన్నాడు. రైతులు పంట పెడుతున్నారు సార్ అని ఆమె అంటే, రైతులు ఏ ఏడు నష్టపోలేదమ్మా అన్నాడు. చివరగా నవ్వుతూ, జూన్ కాగితాలు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, గుర్తుందా అని అడిగాడు.

స్నేహలత సమాధానం చెప్పకుండా బయటికి వచ్చేసింది. ఒక్క మాట మాట్లాడినా ఆ బల్ల మీది పేపర్‌వెయిట్ చేతిలోకి తీసుకుంటానేమోనని ఆమెకు భయం వేసింది. వాళ్లు మాత్రం ఆ మౌనాన్ని ఒప్పుకోలు అనుకున్నారు. మనిషి తలొగ్గడం తప్ప వేరే ఏమీ చూడని కళ్లకు ప్రతి మౌనమూ అలాగే కనబడుతుంది.

మర్నాడు నల్గొండలో ఒక కాలేజీ సెమినార్ హాలు. ముగ్గురు న్యాయనిర్ణేతలు, మధ్యలో కూర్చున్నది రిటైరైన శాస్త్రవేత్త, తెల్ల జుట్టు ముసలామె. వెనక వరుసలో జానయ్య, ఒళ్లో తువ్వాలు. తమ వంతు వచ్చేసరికి అశోక్‌కుమార్ వరండాలో టీవీ విలేకరికి ఇంటర్వ్యూ ఇస్తున్నాడు. లోపల పిల్ల చదివేది తాను దిద్దిన కాగితమే కదా, వినాల్సిన పనేముంది?

మమత మైకు దగ్గరికి లేస్తుంటే స్నేహలత ఆమె భుజం పట్టి కూర్చోబెట్టింది. రాత్రంతా ఆమె ఆలోచించింది ఒకటే. నిజం చెప్పే బరువు పందొమ్మిదేళ్ల పిల్ల మీద పెట్టి, తాను కింద కూర్చుని చప్పట్లు కొట్టడమా? అది మార్గదర్శకత్వం కాదు, పిరికితనం. ఆమె వెళ్లి మైకు అందుకుంది.

“ఆ నాలుగు కుండీల అంకెలు తీసెయ్యమని పిల్లలకు చెప్పింది నేను,” అంది. “నాకు ఎవరు చెప్పినా, తలూపింది నేనే. నోటుబుక్కులో పదకొండు చోట్ల పిల్లవాడు నిజం రాసిండు. చదవకుండ సంతకం పెట్టింది నేనే. ఇప్పుడు మమత అసలు లెక్క చెప్తది.”

మమత చెప్పింది. కాగితం చూడలేదు. కాలేజీ వెనక గోడ సంగతి, ఎర్రదారం సంగతి, అండాలవ్వ సంగతి, ఆమె చెయ్యి అందని పైవరుస సంగతి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. బోరు నీళ్లను అలసంద తట్టుకుంటుందని మేం అనలేం, తట్టుకోదనే అనుమానం ఉంది, మళ్లీ చేసి చూడాలి, అప్పటిదాకా ఎవరూ పెట్టొద్దు అని ముగించింది.

ముసలామె ముందుకు వంగి చాలా ప్రశ్నలు అడిగింది. తర్వాత ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. పోటీ ఫలితాల్లో ఈ పనికి స్థానం ఇవ్వలేమని, నాలుగు కుండీలతో ఏదీ తేలదని ఆమె ప్రకటించింది. అయితే ఇంత నిజాయితీ నేర్పిన మార్గదర్శకునికి శాలువా కప్పాలని నిర్ణయించామంది. అక్కడి ఆనవాయితీ ప్రకారం విద్యార్థే తన గురువుకు శాలువా కప్పాలి. వ్యాఖ్యాత కాగితం చూసి పేరు చదివాడు. కాగితం మీద ఉన్న పేరు అశోక్‌కుమార్.

చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లను చూశాం గానీ, చచ్చిన చెట్టు పేరు చెప్పి శాలువా అందుకోవడం అదే మొదలు. వరండాలో తన పేరు వినబడగానే అశోక్‌కుమార్ కోటు గుండీ పెట్టుకుంటూ వచ్చాడు. లోపల ఏం జరిగిందో తెలియదు. గెలిచామనే అనుకున్నాడు. వేదికెక్కి, నవ్వుతూ మమత ముందు మెడ వంచాడు. స్నేహలత కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

మమత శాలువా చేతుల్లోనే ఉంచుకుని మైకు దగ్గరికి జరిగింది.

“సార్, ఆ నాలుగు కుండీలు ఎక్కడుండె సార్?”

ఆయన వంచిన మెడ కొంచెం ఎత్తి, చిన్నపిల్లను చూసినట్టు చూశాడు.

“మన ల్యాబ్‌లనే కదమ్మా, కిటికీ పక్కన.”

వెనక ఎవరో ఫక్కున నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. కింద కూర్చున్నవాళ్లలో నవ్వనివాళ్లు ముగ్గురే, స్నేహలత, జానయ్య, ఆ ముసలామె. ముసలామె లేచి మమత చేతిలోని శాలువా తీసుకుని మడిచి పళ్లెంలో పెట్టేసింది. అశోక్‌కుమార్ ఇంకా కొంచెం సేపు మెడ వంచే ఉన్నాడు.

బయటికి వచ్చాక జానయ్య స్నేహలత ముందు నిలబడ్డాడు. దండం పెడతాడేమో అనుకుంది. పెట్టలేదు.

“మేడం, గీ మాట ఇరవై దినాల కింద ఎందుకు చెప్పలే?” అన్నాడు. “దుక్కి దున్నిన. ఇత్తులు తెచ్చిన. నన్ను చూసి ఇంకో పదిమంది తెచ్చిన్రు. వాండ్లకు నేనేమని చెప్పాలె?”

సంతకం, జూన్, బస్సు, అన్నీ ఆమె నోటి దాకా వచ్చాయి. ఆ మనిషి దున్నిన దుక్కి ముందు అవేవీ జవాబు కావు. తప్పయిందన్నా అని మాత్రం అంది. జానయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బస్టాండు వైపు నడిచాడు. విత్తనాలు మాత్రం పెట్టలేదు. ఆ ఊళ్లో ఎవరూ పెట్టలేదు.

జూన్ వచ్చింది. సంతకం పడలేదు. స్నేహలత స్థానంలో ఇంకెవరో చుట్టం వచ్చారు. వచ్చే జనవరి మార్గదర్శకుల శిక్షణకు మళ్లీ అశోక్‌కుమార్ పేరే వెళ్లిందని, ఈసారి ఆయన మాట్లాడేవాళ్ల జాబితాలో ఉన్నాడని నరేశ్ ఫోన్ చేసి చెప్పాడు. స్నేహలత విని, నకిరేకల్ బస్టాండులో నిలబడి, చుట్టూ జనం తిరిగి చూసేలా ఒక బూతు మాట తిట్టింది. వాళ్లమ్మ విని ఉంటే చెంప పగలగొట్టేది.

అయినా ఆదివారం ఆదివారం ఆ కాలేజీ వెనక్కి వెళ్లడం మానలేదు. ఎవరూ ఆపలేదు, ఎందుకంటే ఆ వెనక్కి ఎవరూ రారు. మమత, నరేశ్ కొత్తగా నలభై కుండీలు పెట్టారు. ఈసారి అన్నీ ఒకే ఎత్తులో పెట్టారు. దారాల రంగులు కూడా మార్చారు, నీలం, పసుపు. ఏ రంగుకు ఏ నీళ్లో బయట ఎవరికీ చెప్పొద్దని స్నేహలత కట్టడి చేసింది.

మొదటి ఆదివారం ఆమె అండాలుకు మొక్కి, ఆ రోజు అన్న మాటలకు మన్నించమంది. అండాలు ఆ సంగతి పక్కకు నెట్టేసింది. ఆమె చూపంతా దారాల మీదే ఉంది.

“గీసారి ఏ రంగుకు గా నీళ్లు పోస్తున్రు? నాకు చెప్పరా?”

“చెప్పొద్దవ్వా. చెప్తే లెక్క తప్పుతది.”

అండాలు గోడకు ఆనుకుని నిలబడింది. మోకాళ్లు ముడవవు కనుక ఆమె అలిగినా నిలబడే అలగాలి. అక్కడి నుంచే నెమ్మదిగా అంది.

“మా చిన్నప్పుడు సుత ఎవ్వలు చెప్పలే బిడ్డా. పంపుకు రంగు పూసింది శాన ఏండ్ల తర్వాత. అంతకుముందే సర్కారోళ్లు వచ్చి సీసాలల్ల నీళ్లు పట్టుకపోయేటోళ్లు. నోరు తెరిపించి మా పండ్లు చూసి రాసుకునేటోళ్లు. ఎందుకు సారూ అని మా అవ్వ అడిగితే, లెక్క కోసం అనేటోళ్లు. మేము గవే నీళ్లు తాగుకుంట ఉంటిమి.”

మమత దారం ముడి వేస్తూ ఆగిపోయింది. నరేశ్ క్యాను కింద పెట్టాడు. స్నేహలతకు తన కోపమంతా ఇన్నాళ్లూ ఒక సంతకం చుట్టూ, ఒక శాలువా చుట్టూ తిరిగిందని తోచింది. ఆ సీసాలవాళ్ల మీద కోపగించుకోవడానికి అండాలు ఎన్నడూ నోరు తెరవలేదు. ఇప్పుడు అదే మాట, లెక్క తప్పుతదని, తన నోటితో తాను అంది.

“నీలందవ్వా,” అంది స్నేహలత. “నీలం దారం కట్టినవాటికి బోరు నీళ్లు.”

అండాలు నీలం దారాలను ఒక్కొక్కటే చూసింది. ఇరవై లెక్కపెట్టింది.

“పొయ్యనులే,” అంది చివరికి. “పాణం ఒప్పదు గని, మీ పని చెడగొట్ట. కాని గా బుక్కుల రాసుకోండ్రి, నాకు చెప్పిన్రు అని.”

మమత నోటుబుక్కు తెరిచి తేదీ వేసి రాసింది. 'ఏ రంగు దారానికి ఏ నీళ్లో ఈ రోజు అండాలవ్వకు చెప్పాం.' స్నేహలత ఆ వాక్యం రెండుసార్లు చదివి, కింద సంతకం పెట్టింది.